ముందు టైరే ముందు

పోయిన నవంబర్లో మా రూమ్మేట్ కాలర్ బోన్ విరిగింది. పడింది వాడు, సలహా ఇచ్చింది నేను. అందుకే ఈ వ్యాసం.

క్లబ్ వాళ్లు "ఏదైనా రాయి, కానీ తెలుగులో రాయి" అన్నారు. టైర్ల గురించి రాస్తానంటే మా ఎడిటర్ ఒక నిమిషం ఆగి, "టైరుని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. టైరు అనే అంటారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకే ఆ మాత్రం తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. టైరు మీద ఎత్తుగా ఉండే రబ్బరు ముక్కల్ని నేను ఇన్నాళ్లూ 'నాబ్స్' అనేవాణ్ని. ఏలూరులో సైకిల్ షాపు బాబాయ్ వాటిని బొడిపెలు అంటాడు. ఈ వ్యాసంలో నేనూ అలాగే అంటాను.

ముందు జరిగింది చెప్తాను. మా ఇద్దరికీ గేర్ సైకిళ్లున్నాయి. రెండూ 27.5 సైజు, ముందు ఫోర్కులో సస్పెన్షన్ ఉన్నవి. ఆదివారం పొద్దున్నే వట్లూరులో బయల్దేరి, ఏలూరు దాటి పెదవేగి వైపు పోతాం. పెదవేగి అంటే ఒకప్పటి వేంగి, శాలంకాయనులకీ తర్వాత తూర్పు చాళుక్యులకీ రాజధాని. మేం మాత్రం చరిత్ర కోసం వెళ్లట్లేదు. అటువైపు జానంపేట దగ్గర పోలవరం కుడి కాలువ ఉంది. 2015లో పట్టిసీమ నీళ్లు వదిలిన కొత్తలో తమ్మిలేరు మీద అక్విడెక్టుకి గండి పడిందే, ఆ చోటు. ఆ చుట్టుపక్కల గట్ల మీద, కింద పామాయిల్ తోటల మధ్య ఎర్ర గ్రావెల్ దారులుంటాయి. మాకు ట్రెయిల్ అంటే అదే. కొండలూ పైన్ చెట్లూ యూట్యూబ్‌లో చూసుకోవడమే.

వాడి వెనక టైరు అరిగి నున్నగా అయిపోయింది. ముందు టైరు సగం అరిగింది. చేతిలో ఉన్న డబ్బులు ఒక్క టైరుకే వస్తాయి. "కొత్తది ఎక్కడ వేయించమంటావురా?" అని నన్నడిగాడు. నేను ఆలోచించకుండా "వెనకే" అన్నాను. ఎందుకన్నానంటే, మా నాన్నగారి కారుకి రెండు టైర్లు మార్చినప్పుడు షాపులో కొత్తవి రెండూ వెనకే వేశారు. ఎందుకలా అని ఇంటికొచ్చి వెతికితే మిషెలిన్ లాంటి పెద్ద కంపెనీలు కూడా అదే చెప్తున్నాయి. కారు వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, కాబట్టి పట్టు వెనక ఎక్కువుండాలి. లాజిక్ బావుంది కదా. నేను దాన్ని అలాగే కాపీ చేసి సైకిల్లో పేస్ట్ చేశాను.

షాపు బాబాయ్ కూడా కొత్తది వెనకే వేశాడు. ఆయన లెక్క వేరు. వెనక చక్రం మీద బరువు ఎక్కువ, చైను లాగేదీ దాన్నే, కాబట్టి త్వరగా అరుగుతుంది, అరిగిందాన్ని మార్చాలి. తారు రోడ్డు మీద కాలేజీకి వెళ్లొచ్చే సైకిలుకి అందులో తప్పేమీ లేదు.

రెండు వారాల తర్వాత గట్టు మీంచి కిందికి దిగే వంపు దగ్గర వాడు ముందు, నేను వెనక. గ్రావెల్ మీద సన్న కంకర చల్లినట్టుంది. వాడు బ్రేకు పట్టి హ్యాండిలు ఎడమకి తిప్పాడు. చక్రం తిరిగింది గానీ సైకిలు తిరగలేదు. వెనక నుంచి నాకు స్పష్టంగా కనిపించింది. ముందు చక్రం పక్కకి జారింది, వాడు కుడి భుజం మీద పడ్డాడు, మొత్తం అరసెకను కూడా పట్టలేదు. స్పీడు ఎక్కువే, అది వాడి తప్పు. కానీ వెనక కొత్త టైరు చివరిదాకా నేలని పట్టుకునే ఉంది. పట్టు ఉండాల్సిన చోట లేదు, అంతే. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాడు. కుడిచెయ్యి కాబట్టి మిడ్ పోయింది, ల్యాబ్ ఇంటర్నల్ పోయింది. వాళ్లమ్మగారు ఫోన్ చేసి నన్నే "నువ్వు పక్కనే ఉన్నావు కదా నాన్నా, ఎలా పడ్డాడు?" అని అడిగారు. జారి పడ్డాడాంటీ అన్నాను. టైరు సంగతి చెప్పలేదు.

కారు రూలు సైకిలుకి ఎందుకు పనికిరాదో తర్వాత కూర్చుని ఆలోచించాను. కారు ముందు చక్రాలు జారితే కారు తిరగాల్సిన చోట తిరగక నేరుగా పోతుంది. అదీ ప్రమాదమే, కానీ నాలుగు చక్రాల మీద నిలబడే పోతుంది. సైకిలు అలా నిలబడదు. మనం తొక్కుతున్నంతసేపూ అది ఎటో ఒకవైపు పడబోతూనే ఉంటుంది, మనం ఆ వైపే హ్యాండిలు కొద్దిగా తిప్పి చక్రాన్ని మళ్లీ మన బరువు కిందికి తెస్తుంటాం. మనకి తెలియకుండానే ఇది సెకనుకి ఎన్నోసార్లు జరుగుతుంది. వెనక చక్రం జారినా ఈ పని ఆగదు, ఎందుకంటే ఆ పని చేసేది ముందు చక్రం. అందుకే వెనక జారితే సైకిలు తోక ఊపినట్టు ఊగి మళ్లీ దారిలోకొస్తుంది. ముందు చక్రం జారితే నిలబెట్టే పని చేసేవాళ్లే లేరు. మా సీఎస్ భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. దానికి బ్యాకప్ మన భుజమే.

ముందు ఒకలా వెనక ఒకలా టైరుండటం మనకి కొత్తేం కాదు. పొలంలో ట్రాక్టర్‌ని చూడండి. వెనక పెద్ద టైర్ల మీద వి ఆకారంలో లావుపాటి దిమ్మెలుంటాయి, మట్టిని తన్ని ముందుకు తోయడానికి. ముందు చిన్న టైర్ల మీద చుట్టూ గీతల్లాంటి నిలువు కట్లు ఉంటాయి, పక్కకి జారకుండా, తిప్పిన వైపు తిరగడానికి. దమ్ము చేసేటప్పుడైతే వెనక చక్రాలకి ఇనప దమ్ము చక్రాలు తగిలిస్తారు. పాత బుల్లెట్ ముందు టైరు కూడా అలా గీతల టైరే. ఏ చక్రానికి ఏ పని ఉందో దానికి తగ్గ టైరు. నేను పుట్టినప్పటి నుంచి ఇవన్నీ కళ్ల ముందే ఉన్నాయి, ఒక్కసారీ ఆలోచించలేదు.

ఏ చక్రానికి ఎంత పని పడుతోందో తెలుసుకుందామని హాస్టల్ మెస్‌లో బియ్యం బస్తాలు తూచే కాటా అడిగి తెచ్చాను. ముందు చక్రం కాటా మీద, వెనక చక్రం అంతే ఎత్తున్న ఇటుకల మీద. నేను 61 కిలోలు, సైకిలు 14, మొత్తం 75. సీటు మీద కూర్చుంటే ముందు చక్రం మీద 30 కిలోలు పడ్డాయి, వెనక 45. అంటే వెనకే ఎక్కువ, నా పాత సలహా కరెక్టేనేమో అనిపిస్తుంది. కానీ అది కదలకుండా కూర్చున్నప్పటి లెక్క. బ్రేకు పట్టగానే బరువు ముందుకి దొర్లుతుంది. ఎంత దొర్లుతుందో ఇంటర్ ఫిజిక్స్ చాలు. చక్రాల మధ్య దూరం టేపుతో కొలిస్తే 1.1 మీటర్లు. మనిషీ సైకిలూ కలిపి గరిమనాభి సుమారు 1 మీటరు ఎత్తులో ఉంటుందనుకుందాం. సెకనుకి 4 మీటర్ల చొప్పున వేగం తగ్గేలా బ్రేకు పడితే దాదాపు 28 కిలోల బరువు వెనక నుంచి ముందుకి మారుతుంది. ముందు 58, వెనక 17. ఇది బల్లపరుపు నేల మీద. దిగుడులో ముందు భారం ఇంకా పెరుగుతుంది. వాడు పడ్డ ఆ క్షణంలో కొత్త టైరు మీద దాదాపు బరువే లేదు. ఆపే పని, తిప్పే పని, నిలబెట్టే పని మూడూ సగం అరిగిన టైరు మీద పడ్డాయి.

ఇక టైరు ఎలా చూడాలో. అన్నిటికంటే ముందు సైజు, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. టైరు పక్కన 27.5 × 2.25 అని పెద్దగా రాసి ఉంటే, దాని పక్కనే చిన్నగా 57-584 అని ఉంటుంది. ఆ చిన్నదే అసలు సంగతి. 57 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 584 అంటే టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం. 26 సైజుకి 559, 29 సైజుకి 622. మా తాతయ్య నల్ల సైకిలు 28 × 1½ టైరుది. దాని నంబరు 635. అంటే 28 సైకిలు రిమ్ము 29 సైకిలు రిమ్ము కంటే పెద్దది! ఇంచుల పేర్లు నమ్మకండి, రెండో నంబరు కలిస్తేనే కొనండి. ఇంకో సంగతి, వెడల్పు ఎక్కువైతే ఫ్రేముకి రాసుకుంటుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య రెండువైపులా చిటికెన వేలు దూరాలి, మన మట్టికి ఆ సందు అవసరం. ఎందుకో కొల్లేరు దగ్గర చెప్తాను.

26 అనే సైజు కూడా ఎవరో లెక్కలు వేసి కనిపెట్టింది కాదు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ అని ఉంది. 1970ల్లో అక్కడి కుర్రాళ్లు 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లు తీసుకుని, పనికిరానివన్నీ పీకేసి, కొండ మీంచి మట్టి దారిలో కిందికి పందెం వేసుకునేవాళ్లు. మొదటి పందెం 1976 అక్టోబర్ 21న జరిగింది. దాని పేరు రీప్యాక్. ఎందుకంటే ఒక్కసారి దిగేసరికి వెనక హబ్బులో బ్రేకు గ్రీజు అంతా కాలి పొగైపోయేది, మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. ఆ పాత సైకిళ్లకి 26 ఇంచుల లావు టైర్లుండేవి కాబట్టి మౌంటెన్ బైక్ అంటే చాలా ఏళ్లు 26 అయిపోయింది. ముందుకీ వెనక్కీ వేర్వేరు టైర్లు చేసి అమ్మడం తర్వాత మొదలైంది. 1990ల్లో జపాన్ కంపెనీ పానరేసర్ ముందుకి డార్ట్, వెనక్కి స్మోక్ అని జత అమ్మేది. ఇప్పటికీ పేరున్న మ్యాక్సిస్ మినియన్‌లో డీహెచ్ఎఫ్, డీహెచ్ఆర్ అని రెండున్నాయి. చివరి అక్షరాలు ఫ్రంట్, రేర్. అంటే ప్రపంచం మొత్తానికి తెలిసిన సంగతి, పేరులోనే రాసిపెట్టి ఉన్న సంగతి, నాకొక్కడికే తెలియలేదు.

ముందు టైరులో చూడాల్సింది అంచు బొడిపెలు. నేరుగా పోయేటప్పుడు మధ్య వరసలే నేలకి తగులుతాయి. సైకిలు వంచి మలుపు తిరిగినప్పుడు అంచు వరస దిగుతుంది. ఆ బొడిపెలు ఎత్తుగా, లావుగా, మొదట్లో బలంగా ఉండాలి. గోరుతో పక్కకి నెడితే తేలిగ్గా వంగిపోతే అది మలుపులో కూడా అలాగే వంగిపోతుంది. రబ్బరు మాత్రం మెత్తగా ఉండాలి, ఇది వేరే సంగతి. బొడిపె వంగకూడదు, దాని పైన రబ్బరు రాయిని పట్టుకోవాలి. రబ్బరు గట్టితనాన్ని షోర్ ఎ అనే స్కేలు మీద కొలుస్తారు. ఖరీదైన ట్రెయిల్ టైర్లలో 50కి అటూ ఇటూ ఉంటుంది, చవక టైర్లలో 60 పైన. షాపులో మనకి ఆ మీటరు ఉండదు కాబట్టి రెండు టైర్ల బొడిపెల్లో గోరు గుచ్చి పోల్చుకోండి. గోరు గుర్తు బాగా పడేది ముందుకి. మెత్తది త్వరగా అరుగుతుంది, నిజమే. కానీ ముందు చక్రం నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

వెనక టైరులో చూడాల్సింది మధ్య వరసలు. మా వారం వారం లెక్క చూస్తే 30 కిలోమీటర్లు తారు రోడ్డు, 8 కిలోమీటర్లు మట్టి. తారు మీద ఒక్కో బొడిపె నేలకి తగిలి వంగి లేచినప్పుడల్లా మన కాళ్ల బలం కొంచెం వేడిగా పోతుంది. 60 శాతం బరువు వెనకే ఉంది కాబట్టి ఆ నష్టం ఎక్కువ అక్కడే. కాబట్టి వెనక మధ్య బొడిపెలు పొట్టిగా, దగ్గరదగ్గరగా, వెడల్పు కొంచెం తక్కువగా, రబ్బరు గట్టిగా ఉన్నది వేయొచ్చు. ఎక్కుడులో జారకుండా అడ్డంగా పదునైన అంచులు ఉంటే చాలు. మ్యాక్సిస్‌లో ఆర్డెంట్, రెకాన్, ఐకాన్ లాంటివి ఈ కోవలోవి. ముందు మినియన్, వెనక వీటిలో ఒకటి అనేది చాలా దేశాల్లో చూసే జత. అయితే మన దగ్గర అవి ఒక్కోటి వేలల్లో ఉంటాయి, మా సైకిళ్లకి అంత పెట్టడం పెళ్లికి వెళ్లడానికి కారు కొన్నట్టు ఉంటుంది. అదే సూత్రంతో దొరికే వాటిలో ఏరుకోవాలి. డబ్బులు ఒక్క మంచి టైరుకే ఉంటే అది ముందుకి వెళ్లాలి. ముందున్నది వెనక్కి, వెనకున్నది చెత్తలోకి.

వేసేటప్పుడు పక్కన బాణం గుర్తు చూసుకోండి, చక్రం తిరిగే దిక్కు అది. నాకు ఒకసారి తిరగేసి వేశారు, నెల రోజుల దాకా నేనూ చూసుకోలేదు.

ఇప్పుడు నేల గురించి. ఏలూరు ఎలాంటి చోటంటే, ఉత్తరానికి పోతే మెట్ట, దక్షిణానికి పోతే డెల్టా. ఒకే సైకిలు మీద ఒకే పొద్దున రెండు పూర్తిగా వేరే నేలలు తొక్కొచ్చు. మెట్ట వైపు ఎర్రమట్టి, గ్రావెల్. పెదవేగి దాటి ఇంకా పైకి కామవరపుకోట వైపు పోతే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలు. అక్కడ నేల రాతి నేల. (గుహల దగ్గర సైకిలు కింద పెట్టి నడవాల్సిందే, అది పురావస్తు శాఖ వాళ్ల స్థలం.) ఈ వైపు ప్రమాదం ఎప్పుడూ ఒకటే. కింద గట్టి నేల, పైన గోళీల్లా దొర్లే సన్న రాళ్లు. ముందు టైరు అంచు బొడిపెలు ఆ రాళ్ల మధ్య నుంచి కింది నేలని అందుకోవాలి. సగం అరిగిన బొడిపెలు అందుకోలేవు, రాళ్ల మీదే తేలతాయి.

ఇంకో శత్రువు పల్లేరు కాయ. వానాకాలం అయ్యాక బీడు నేలల మీద, గట్ల మీద ఎండిపోయి పడి ఉంటాయి. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికాలో దీన్నే మేక తల అని పిలుస్తారట, అక్కడా సైకిళ్ల వాళ్లు దాన్నే తిట్టుకుంటారు. ట్యూబ్‌లెస్ టైర్లలో పాలలాంటి సీలెంట్ పోస్తారు, చిన్న చిల్లుల్ని అదే పూడ్చేస్తుంది. మా రిమ్ములు దానికి పనికిరావు. అందుకే ట్యూబులోనే సీలెంట్ పోయించాను. బైకుకి ఉండే లాంటి వాల్వు, అదీ లోపలి పిన్ను విప్పగలిగేదైతే పోయొచ్చు. పల్లేరు ముళ్లకి బాగానే పనిచేస్తోంది. సర్కారు తుమ్మ ముల్లుకి మాత్రం లాభం లేదు, అది మేకులాంటిది. దిగగానే రెండు టైర్లూ చేత్తో తిప్పి, ఇరుక్కున్న ముళ్లు పీకేయడం మంచి అలవాటు. ఇవాళ సగం దిగినది రేపు మొత్తం దిగుతుంది.

దక్షిణం వైపు కొల్లేరు. పక్షుల కోసమైతే ఆటపాకకి వెళ్లాలి, మేం మాత్రం ఎక్కువగా గుడివాకలంక దారి వైపు, చేపల చెరువుల గట్ల మీద తిరుగుతాం. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. కాబట్టి అందరూ నడిచే దారులే మనవి కూడా. చెరువు గట్టు ఎవరిదో ఒకరిది, అడిగి ఎక్కండి. కాపలా కుక్కలకి ట్రెయిల్ రైడింగ్ గురించి తెలీదు.

అక్కడి మట్టి నల్ల జిగట మట్టి. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి సిమెంటులా అవుతుంది. ఎండాకాలం దాని మీద ఏ టైరైనా నడుస్తుంది. ట్రాక్టర్ చాళ్లు గట్టిపడిపోయి ఉంటాయి, వాటిలో చక్రం ఇరక్కుండా చూసుకుంటే చాలు. వాన పడ్డాక కథ మారుతుంది. బురద టైర్లు అని ప్రత్యేకంగా దొరుకుతాయి, సన్నగా, బొడిపెలు ఎత్తుగా, దూరం దూరంగా ఉంటాయి. చక్రం వేగంగా తిరిగితే మధ్యలో ఇరుక్కున్న బురద విసిరినట్టు ఎగిరిపోవాలని. ఇంగ్లండ్ లాంటి చోట్ల చలికాలం వాటినే వాడతారు. నేను బోలెడు చదివి, దూరం దూరం బొడిపెలున్న టైరు ముందుకి వేసుకుని ఆగస్టులో ఒక గట్టు ఎక్కాను. 50 అడుగులు పోయానేమో. మట్టి టైరుకి చుట్టుకుంది, దాని మీద గడ్డి చుట్టుకుంది, మళ్లీ మట్టి. ఫోర్కుకీ టైరుకీ మధ్య సందు పూడుకుపోయి ముందు చక్రం తిరగడం ఆగింది. సైకిలు ఎత్తబోతే లేవలేదు. చిటికెన వేలు సందు అన్నాను కదా, అది కూడా చాల్లేదు. ఎగిరిపోయే మట్టి కాదు అది, పట్టుకుని కూర్చునే మట్టి.

చెరువు కాపలా పెద్దాయన ఒకరు దూరం నుంచి ఇదంతా చూసి వచ్చారు. "తడి గట్టు మీద మేమే చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తామండి, మీరు సైకిలేసుకొచ్చారా?" అన్నారు. ఆయనే ఒక కర్ర ముక్క ఇచ్చి మట్టి గోకించారు. నల్లమట్టికి తడిగా ఉన్నప్పుడు టైరు లేదు. రెండెండలు కాసాక వెళ్లడమే దారి. ఇంత డబ్బు పెట్టి ఇంత చదివి నేను తెలుసుకున్నది, ఆయన చెప్పులతో తెలుసుకున్నదే.

చివరగా గాలి. ఇది నేను మొదట్లోనే రాయాల్సింది, ఎందుకంటే దీనికి డబ్బులక్కర్లేదు. మన షాపుల్లో గాలి కొట్టేటప్పుడు బొటనవేలితో నొక్కితే అస్సలు నొక్కుకోకూడదు, అప్పుడే "బాగా ఉంది" అంటారు. మా టైర్లలో అలా 50 పీఎస్ఐ దాకా ఉండేది. టైరు నేలకి ఎంత మేర ఆనుతుందనేది సుమారుగా బరువుని గాలి ఒత్తిడితో భాగిస్తే వస్తుంది. ముందు చక్రం మీద 30 కిలోలు, 25 పీఎస్ఐ గాలి అనుకుంటే 17 చదరపు సెంటీమీటర్లు, అంటే దాదాపు అగ్గిపెట్టె అంత. 50 పీఎస్ఐ కొడితే సగం అగ్గిపెట్టె. మన ప్రాణం ఆ అగ్గిపెట్టె మీద ఆధారపడి ఉంది కాబట్టి మొత్తం పెట్టె ఉంటే మంచిది కదా. పైగా గాలి తక్కువైతే టైరు రాయి మీంచి ఎగరకుండా దాని చుట్టూ సర్దుకుంటుంది.

మరీ తగ్గించకూడదు. ట్యూబున్న టైరులో గాలి బాగా తక్కువుంటే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటు గుర్తులా. నా బరువుకి ముందు 26, వెనక 29 దగ్గర కుదిరింది. వెనక బరువెక్కువ కాబట్టి ఎప్పుడూ రెండు మూడు ఎక్కువ. మీరు 80 కిలోలుంటే ఇంకా పెంచుకోవాలి. టైరు పక్కన రాసిన కనిష్ఠం కూడా చూసుకోండి, కొన్ని చవక టైర్లకి 35 కంటే కిందికి పోవద్దని ఉంటుంది. మీటరున్న పంపు ఒకటి హాస్టల్ ఫ్లోరుకి ఒకటి చాలు, తలా కాస్త వేసుకుని కొన్నాం. తారు రోడ్డు మీద పోయేటప్పుడు గట్టిగా కొట్టుకుని, మట్టి మొదలయ్యే చోట వదిలేస్తాం. తిరుగు ప్రయాణంలో మళ్లీ కొట్టడానికి బద్ధకం, మెల్లగా వచ్చేస్తాం.

జనవరి చివర్లో డాక్టర్ గారు సైకిలు ఎక్కొచ్చన్నాక ఇద్దరం షాపుకి వెళ్లాం. వాడి ముందున్న సగం టైరుని వెనక్కి మార్చి, వెనకున్న దాదాపు కొత్త టైరుని ముందుకి వేయమన్నాను. బాబాయ్ నా వైపు వింతగా చూశాడు. "బాగున్నది తీసి ముందుకా? ముందు ఏం అరుగుద్దమ్మా?" అన్నాడు. అందుకే బాబాయ్, అరగకూడదనే ముందుకి అన్నాను. కాసేపు స్పానరు పట్టుకుని ఆలోచించి, "సరే, వెనకది పోయాక ఇదే వెనక్కి దించుకోండి, ఎప్పుడూ ఒక్క టైరు కొంటే సరిపోద్ది" అన్నాడు. ఇంత పెద్ద వ్యాసంలో నేను చెప్పలేకపోయిన ముక్క అది. రెండు టైర్లు మార్చినందుకు తీసుకున్నది 60 రూపాయలు.

వాడికి మాత్రం అప్పుడే చెప్పాను, తప్పు నాదేనని. "తెలుసులేరా, హాస్పిటల్లో ఉన్నప్పుడే చదివాను" అన్నాడు.

మొన్న ఆదివారం అదే గట్టు, అదే వంపు. ఈసారి కూడా వాడే ముందు. బ్రేకు పట్టి ఎడమకి తిప్పాడు. సగం అరిగిన వెనక చక్రం సర్రున పక్కకి జారింది. వాడు ఒక కాలు నేలకి ఆనించి, సైకిలు నిలబెట్టుకుని, వెనక్కి తిరిగి నా మొహం చూసి నవ్వి, కిందికి దిగిపోయాడు.